అడగడానికి మనిషి లేని అడవి

అమెరికాలో హైస్కూలు పిల్లల చేత చదివించే పుస్తకాల్లో 'ఇన్‌టు ది వైల్డ్' ఒకటి. జాన్ క్రాకవర్ రాశాడు, 1996లో వచ్చింది. కల్పిత కథ కాదు, జరిగిన సంగతి. క్రిస్ మెకాండ్‌లెస్ అనే కుర్రాడు 1990లో ఎమరీ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చేశాడు. తన పేరున ఉన్న దాదాపు 24 వేల డాలర్లను ఆకలి మీద పనిచేసే ఒక సంస్థకు ఇచ్చేశాడు. ఇంటికి ఉత్తరం ముక్క రాయలేదు. పేరు మార్చుకుని రెండేళ్లు దేశం తిరిగాడు. 1992 ఏప్రిల్ చివర్లో అలాస్కాలో స్టాంపీడ్ ట్రయిల్ అనే పాత బాట పట్టుకుని అడవిలోకి నడిచిపోయాడు. వెంట ఉన్నవి నాలుగున్నర కిలోల బియ్యం, చిన్న తుపాకీ, కొన్ని పుస్తకాలు. లోపల ఎవరో వదిలేసిన పాత సిటీ బస్సు ఒకటి కనిపిస్తే అందులో కాపురం పెట్టాడు. పక్షుల్ని, ఉడతల్ని కొట్టుకు తిన్నాడు. కాయలు, దుంపలు ఏరుకున్నాడు. ఆగస్టులో ఆ బస్సులోనే చనిపోయాడు. సెప్టెంబరు 6న వేటకు వచ్చినవాళ్లు చూసేసరికి శరీరం బరువు ముప్పై కిలోల దగ్గర ఉంది. వయసు 24.

2007లో ఇది సినిమాగా కూడా వచ్చింది. ఆ తర్వాత ఆ బస్సు యాత్రాస్థలం అయింది. దాన్ని చూడాలని బయల్దేరి దారిలో నది దాటుతూ 2010లో ఒకరు, 2019లో మరొకరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చివరికి 2020 జూన్‌లో ఆ బస్సును హెలికాప్టర్‌కు కట్టి ఎత్తుకుపోవలసి వచ్చింది. ఒక పుస్తకం కుర్రవాళ్ల మీద ఎంత పనిచేయగలదో చెప్పడానికి ఇది చాలు. మన పిల్లలు కూడా ఇప్పుడు ఇంటర్‌లో, డిగ్రీలో, ఫోన్లలో ఇలాంటి కథలు వింటున్నారు, చూస్తున్నారు. అడవిలో ఒంటరిగా బతకడం అనేది ప్రపంచమంతా అమ్ముడుపోయే సరుకు అయింది. అడవిలో పుట్టినవాళ్లం మనం ఆ సరుకును ఎలా చూడాలన్నది ఈ వ్యాసం విషయం.

ముందు అక్కడి పిల్లలు ఏమంటారో చూద్దాం. ఈ పుస్తకం మీద అమెరికా తరగతి గదుల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న వాదన ఒకటే: ఇతను వీరుడా, మూర్ఖుడా? ఒక జట్టు పిల్లలు అతన్ని మెచ్చుకుంటారు. డబ్బు వద్దన్నాడు, ఉద్యోగం వద్దన్నాడు, నమ్మిన దాని కోసం నిలబడ్డాడు అంటారు. పదహారేళ్ల వయసులో ఇల్లు ఇరుకుగా, బడి విసుగుగా, ముందున్న జీవితం ఎవరో గీసిపెట్టిన గీతలా కనిపిస్తుంది. అలాంటి వయసువాళ్లకు అతను తమ మనసులో మాట చెప్పినట్టు ఉంటాడు. రెండో జట్టు పిల్లలకు కోపం. మ్యాపు లేకుండా వెళ్లడమేమిటి, తల్లిదండ్రుల్ని, చెల్లెల్ని ఏడిపించడమేమిటి, కలిగిన ఇంట్లో పుట్టాడు కాబట్టి పేదరికాన్ని ఆటగా ఆడాడు అంటారు. అలాస్కాలో ఉండేవాళ్లు చాలామంది ఈ రెండో మాటే ఇంకా గట్టిగా అన్నారు.

రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ రెండు జట్లూ అడిగే ప్రశ్న ఒకటే. అతను ఎలాంటి మనిషి? ధైర్యం ఉన్నవాడా, బుద్ధి లేనివాడా? ప్రశ్న అతని దగ్గర మొదలై అతని దగ్గరే ఆగిపోతుంది. క్రాకవర్ కూడా అలాగే రాశాడు. తాను యువకుడిగా ఉన్నప్పుడు అలాస్కాలో ఒంటరిగా కొండ ఎక్కిన సంగతి కూడా మధ్యలో చెప్పి, అతని లోపల ఏముందో వెతికాడు. ఆ వెతుకులాట నిజాయితీగా ఉంది. అందుకే పుస్తకం చదివిస్తుంది.

మా ఏజెన్సీ ప్రాంతంలోని ఒక హాస్టల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నేను ఈ కథ తెలుగులో చెప్పాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. వాళ్ల అభిప్రాయాలు కొన్ని అమెరికా పిల్లల మాటల్లాగే ఉన్నాయి, కొన్ని లేవు. మగపిల్లల్లో కొందరికి అతను బాగా నచ్చాడు. అడిగేవాళ్లు లేరు, బెల్లు లేదు, స్టడీ అవర్ లేదు అని సంబరపడ్డారు. ఇంకొందరు నవ్వారు. మన ఊళ్లో ఆవులు కాసే పిల్లాడికి ఉన్నంత తెలివి కూడా లేదన్నారు. ఒక అమ్మాయి, వాళ్లమ్మ ఎలా బతికిందో పుస్తకంలో ఉందా అని అడిగింది. ఇంకొక అమ్మాయి అడిగిన మాట దగ్గర మాత్రం అందరం ఆగిపోయాం. ఆ అడవి ఎవరిది, అక్కడ మనలాంటివాళ్లు ఎవరూ లేరా, ఉంటే వాళ్లని ఎందుకు అడగలేదు అంది.

ఆ ప్రశ్న పట్టుకుని పుస్తకాన్ని మళ్లీ చదివితే అది వేరే పుస్తకంలా కనిపిస్తుంది.

అలాస్కా నిర్మానుష్యమైన నేల కాదు. అథబాస్కన్ భాషలు మాట్లాడే తెగలు, ఇన్యుపియాట్, యుపిక్, ఇంకా ఎన్నో జాతులు అక్కడ వేల ఏళ్లుగా ఉన్నాయి. అయినా క్రాకవర్ పుస్తకంలో వాళ్ల గొంతు దాదాపు వినిపించదు. మెకాండ్‌లెస్‌ను గట్టిగా తప్పుపడుతూ ఒక ఇన్యుపియాట్ ఊరి నుంచి వచ్చిన ఉత్తరం పుస్తకంలో ఉంది. రాసింది ఆ ఊళ్లో పనిచేసే తెల్లజాతి బడిపంతులు. ఊరు మూలవాసులది, మాట పంతులుది. మన ప్రాంతాల గురించి వచ్చిన పుస్తకాలు చదివినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మెకాండ్‌లెస్ సంచిలో ఉన్న పుస్తకాల్లో ఒకటి మొక్కల గురించినది. ప్రిసిల్లా రస్సెల్ కారి రాసిన 'తనైనా ప్లాంట్‌లోర్'. తనైనా అన్నా దెనైనా అన్నా ఒకటే, దక్షిణ మధ్య అలాస్కాలోని ఒక అథబాస్కన్ తెగ. ఏ మొక్కను ఏమని పిలుస్తారు, ఏ దుంప తింటారు, ఏది మందుకు వాడతారు అని ఆ తెగ పెద్దలు చెప్పినవన్నీ కూర్చిన పుస్తకం అది. ఫెయిర్‌బాంక్స్ యూనివర్సిటీ పుస్తకాల షాపులో కొన్నాడు. అడవిలో ఏది తినాలన్నా అదే చూసుకున్నాడు. తన రోజువారీ రాతలు కూడా ఆ పుస్తకం చివర ఉన్న ఖాళీ పేజీల్లోనే రాసుకున్నాడు. అంటే అతను ఆ వేసవి అంతా ఒక ఆదివాసీ తెగ జ్ఞానం మీద బతికాడు. ఆ జ్ఞానం పక్కనే తన చావును కూడా రాసుకున్నాడు. కానీ ఆ జ్ఞానం చెప్పిన మనుషుల్లో ఒక్కరితో కూడా అతను కూర్చుని మాట్లాడినట్టు ఈ కథలో లేదు. వీరుడా మూర్ఖుడా అనే పిల్లలు ఈ సంగతిని చదివి దాటిపోతారు.

పుస్తకం సంచిలో ఉండటం వేరు, మనిషి పక్కన ఉండటం వేరు. అతని వేసవిలో జరిగిన మూడు సంగతులు చూడండి.

మొదటిది మాంసం. జూన్ 9న అతను ఒక మూస్‌ను కొట్టాడు. మన కణుజు కంటే చాలా పెద్ద జంతువు. ఒక మనిషికి నెలల తరబడి సరిపోయే తిండి. పొగబెట్టి నిలవ చేయాలని చూశాడు. కుదరలేదు, పురుగుపట్టి పోయింది. ఆ పద్ధతి అతనికి చెప్పింది చాలా దూరాన ఉన్న దక్షిణ డకోటా వేటగాళ్లు. అలాస్కా అడవిలో అనుభవం ఉన్నవాళ్లు అయితే మాంసాన్ని పలచటి పేలికలుగా కోసి దండెం మీద గాలికి ఆరబెడతారు. ఎండు కండలు చేసే ఇంట్లో పుట్టిన మన పిల్లలకు ఈ తేడా వెంటనే అర్థమైంది. అక్కడ చెడిపోయింది ఒక్క జంతువు మాంసం కాదు, అతని ఆయుష్షు. అతనిలో ధైర్యం లేక కాదు, కష్టపడక కాదు. ఈ నేలకు ఈ గాలికి ఏది పనికొస్తుందో చెప్పే మనిషి పక్కన లేక.

రెండోది నది. జూలై మొదట్లో అతను ఇక చాలనుకుని తిరుగుముఖం పట్టాడు. ఏప్రిల్‌లో సులువుగా దాటిన టెక్లనికా నది జూలై 5న చూసేసరికి మంచు కరిగిన నీటితో పోటెత్తి ఉంది. వెనక్కి తిరిగి బస్సుకే పోయాడు. కొద్ది దూరంలో నది మీద తాడుకు వేలాడే బుట్ట ఒకటి ఉంది, దానిలో కూర్చుని దాటవచ్చు. అతనికి అది తెలియదు. మన దగ్గర అయితే మొదటి వానకు ఏ వాగు పొంగుతుంది, ఎన్ని రోజులకు తీస్తుంది, ఎక్కడ రాళ్లు ఉన్నాయి అనేది దారిన పోయే ముసలమ్మ కూడా చెబుతుంది.

మూడోది గింజ. ఈ గింజ గురించి కాస్త వివరంగా చెప్పాలి.

జూలై 30న అతను బాగా నీరసపడిపోయానని, తప్పు ఆ దుంపమొక్క గింజలదని అర్థం వచ్చేలా రాసుకున్నాడు. మొక్క పేరు అడవి బంగాళాదుంప అనుకోవచ్చు, మన బంగాళాదుంపతో చుట్టరికం లేదు, చిక్కుడు కుటుంబానికి చెందినది. దెనైనా వాళ్లు దాని వేరు తింటారు. వేసవి ముదిరితే వేరు గట్టిపడుతుంది. అప్పుడు అతను దాని గింజలు ఏరి తినడం మొదలుపెట్టాడు. గింజలు తినవచ్చని ఆ పుస్తకం చెప్పలేదు. తినకూడదని కూడా చెప్పలేదు. మన పెద్దల్ని మొక్కల గురించి అడిగినవాళ్లకు దీని అర్థం తెలుసు. అడిగితే, మేం తినం అని ఒక్క మాటలో చెబుతారు. అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు. తినని దాని గురించి చెప్పాల్సిన అవసరం వాళ్లకు ఎప్పుడూ రాలేదు కాబట్టి.

ఆ గింజలో ఏముందన్న దాని మీద క్రాకవర్ ఇరవై ఏళ్లకు పైగా పట్టు వదల్లేదు. మొదట, దాన్ని పోలిన మరో విషపు మొక్క అనుకుని పొరబడ్డాడేమో అన్నాడు. తర్వాత, మొక్క సరైనదే, గింజలోనే ఏదో విషం ఉందన్నాడు. 2013లో, ఖేసరి పప్పులో ఉండి కాళ్లు చచ్చుబడేలా చేసే పదార్థమే ఇందులోనూ ఉందన్నాడు. మధ్య భారతంలో పేద కూలీలను కుంటివాళ్లను చేసిన పప్పు అది. రసాయన శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. మళ్లీ పరీక్షలు చేయించి, 2015లో శాస్త్రవేత్తలతో కలిసి ఇంకో పదార్థం పేరు చెప్పాడు. విషం కాదు, ఉత్త ఆకలితో చనిపోయాడు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏది నిజమైనా ఒకటి గమనించాలి. ఒక కుర్రాడు తెలివితక్కువతనం వల్ల చనిపోలేదని చూపించడానికి అన్నేళ్ల శ్రద్ధ, ప్రయోగశాలలు, పత్రికల్లో పేజీలు దొరికాయి.

ఇది తప్పని నేను అనను. ప్రతి చావుకూ అంత శ్రద్ధ దొరకాలి. కానీ మన పొరుగు సంగతి ఒకటి పక్కన పెట్టి చూడండి. ఒడిశాలోని రాయగడ జిల్లా మన పార్వతీపురం కొండలకు ఆనుకునే ఉంటుంది. అక్కడి కాశీపూర్ ప్రాంతంలో 2001 ఆగస్టులో మామిడి జీడి అంబలి తాగి ఆదివాసులు ఇరవై మందికి పైగా చనిపోయారని పత్రికలు రాశాయి. మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడిని కడిగి ఎండబెట్టి దంచి అంబలి కాచుకోవడం వానాకాలపు కరువు నెలల్లో కొండజాతుల్లో పాత పద్ధతి. మన కొండరెడ్లకూ తెలిసిన పద్ధతే. నిలవలో తడి తగిలి బూజు పట్టిన జీడి విషమవుతుంది. ఆకలి చావులు కావు, జీడి విషం వల్ల పోయారు అని ప్రభుత్వం వైపు నుంచి వచ్చిన వివరణ. వాళ్ల తిండి అలవాటు అలాంటిది అన్న మాట అప్పుడు చాలా నోళ్లలో వినిపించింది. బూజు పట్టిన జీడి తప్ప ఇంట్లో ఇంకేమీ ఎందుకు లేదు, రేషన్ బియ్యం ఎక్కడికి పోయింది అన్న ప్రశ్న హక్కుల కోసం పనిచేసేవాళ్లు అడగవలసి వచ్చింది. 2024 చివర్లో కంధమాల్ జిల్లాలో మళ్లీ జీడి అంబలి చావులు, మళ్లీ అదే వాదన.

ఒక గింజ తిని అలాస్కాలో ఒకడు చనిపోతే అది మనిషి ఆత్మ గురించిన ప్రశ్న అయింది. ఒక గింజ తిని కాశీపూర్‌లో అంతమంది చనిపోతే అది అలవాటు అయింది. అతను అడవిలోకి కావాలని వెళ్లాడు. వాళ్లు అక్కడే ఉన్నారు, ఉండగానే వాళ్ల చేతిలోంచి అడవి జారిపోయింది. అతని మీద పుస్తకం ఉంది, సినిమా ఉంది, పిల్లలకు పరీక్షలో ప్రశ్నలు ఉన్నాయి. ఈ తేడాను మన పిల్లలకు చెప్పకుండా ఆ పుస్తకాన్ని మాత్రం చెబితే, సగం పాఠమే చెప్పినట్టు.

ఈ తేడాకు మూలం అడవి అన్న మాటను ఎవరు ఎలా వాడుతున్నారన్న దగ్గర ఉంది. మైదానపు కథల్లో అడవికి వెళ్లడం శిక్ష, లేకపోతే తపస్సు. రాముడికి పద్నాలుగేళ్లు అడవి శిక్ష. ఆ అడవిలోనే ఉంటున్న శబరికి అది ఇల్లు. అమెరికావాళ్ల కథల్లో అడవి అంటే ఇల్లు విడిచి పారిపోయే చోటు. 1964లో వాళ్లు చేసిన చట్టం కూడా, మనిషి వచ్చి పోవాలే తప్ప నిలిచి ఉండకూడని చోటుకే ఆ పేరు పెట్టింది. వచ్చి పోయే మనిషి ఎవరో తెలుస్తూనే ఉంది. నిలిచి ఉన్నవాళ్ల సంగతి ఏమిటి? పులుల కోసం కేటాయించిన నల్లమలలో చెంచు పెంటల్ని ఖాళీ చేయమన్న మాట వచ్చిన ప్రతిసారీ వెనకాల ఉన్నది ఈ ఊహే: అసలైన అడవి అంటే మనుషులు లేని అడవి. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఊహ తప్పని ఒప్పుకుంది. కథలు ఇంకా ఒప్పుకోలేదు.

అదే అలాస్కా నుంచి అడవిలో బతకడం గురించి ఇంకొక పుస్తకం ఉంది. మూడేళ్లు ముందే, 1993లో వచ్చింది. పేరు 'టూ ఓల్డ్ విమెన్', ఇద్దరు ముసలమ్మలు. రాసింది వెల్మా వాలిస్. గ్విచిన్ అనే అథబాస్కన్ తెగ ఆవిడది. ఊరు ఫోర్ట్ యూకాన్, ఆర్కిటిక్ వలయం దగ్గర. పదమూడేళ్లప్పుడు తండ్రి చనిపోతే చిన్న పిల్లల్ని చూసుకోవడానికి బడి మానేసింది. తర్వాత హైస్కూలుకు సమానమైన పరీక్ష పాసయింది. తండ్రి వేటకు వాడిన గుడిసెలో ఉండి, వేట, ఉచ్చులు, చేపలు పట్టడం నేర్చుకుని బతికింది. పుస్తకంలోని కథ ఆవిడకు తల్లి చెప్పినది. తల్లికి అంతకు ముందువాళ్లు చెప్పారు.

కథ ఇది. చలికాలం, కరువు. తెగ అంతా ఆకలితో ఉంది. ఇద్దరు ముసలమ్మలు ఉన్నారు, చిజిగ్యాక్‌కు ఎనభై ఏళ్లు, సా అనే ఆవిడకు డెబ్బై అయిదు. చేతికర్రలు పట్టుకుని నడుస్తారు, ఎప్పుడూ ఏదో సణుగుతారు, కూర్చున్న చోటికి తెచ్చిపెడితే తింటారు. నాయకుడు వాళ్లను వదిలేసి పోదామని నిర్ణయిస్తాడు. కన్నకూతురు కూడా ఎదురు చెప్పలేకపోతుంది. పోతూ పోతూ తోలు తాళ్ల కట్ట ఒకటి తల్లి దగ్గర పెడుతుంది. మనవడు తన చిన్న గొడ్డలిని ఎవరూ చూడకుండా చెట్టు కొమ్మల్లో దాచిపోతాడు. తోలు తాళ్లు, ఒక గొడ్డలి, మంచు, ఇద్దరు ముసలమ్మలు. ఊరికే కూర్చుని చావడం కంటే ప్రయత్నిస్తూ చద్దాం అనుకుంటారు. తాళ్లతో కుందేళ్లకు ఉచ్చులు వేస్తారు. మంచులో నడవడానికి చెప్పులు అల్లుకుంటారు. ఎప్పుడో చేపలు బాగా పడిన చోటు గుర్తు తెచ్చుకుని, రోజుల తరబడి నడిచి అక్కడికి చేరతారు. వేసవిలో చేపలు ఎండబెట్టి దాచుకుంటారు. మళ్లీ చలికాలం వచ్చేసరికి వదిలిపోయిన తెగే ఆకలితో వెనక్కి వస్తుంది. ముసలమ్మల దగ్గర తిండి ఉంది. భయం కూడా ఉంది, ఒకసారి వదిలేసినవాళ్లు మళ్లీ ఏం చేస్తారో అని. కొలిచి ఇస్తారు, షరతులు పెడతారు. నమ్మకం మెల్లగా తిరిగి వస్తుంది. ఇక ముందు ముసలివాళ్లను ఇలా వదలకూడదన్నది తెగకు కట్టుబాటు అవుతుంది.

నాలుగున్నర కిలోల బియ్యం, తుపాకీ ఉన్న 24 ఏళ్లవాడు వేసవిలో చనిపోయాడు. తాళ్లు, గొడ్డలి ఉన్న 80 ఏళ్ల ఆవిడ చలికాలం దాటింది. ఒకటి జరిగిన సంగతి, ఒకటి తెగ చెప్పుకునే కథ, కాబట్టి పందెం పెట్టి చూడకూడదు. కానీ రెండూ పక్కపక్కన చదివితే బతుకు గురించి ఒక సంగతి తేలుతుంది. ముసలమ్మల బలం కండలో లేదు. చేతులు మర్చిపోని పనిలో ఉంది. ఇద్దరు ఉండటంలో ఉంది. ఒకరు పడిపోతే ఇంకొకరు లేపడంలో, ఒకరికి గుర్తు లేని దారి ఇంకొకరికి గుర్తుండటంలో ఉంది. కూతురు ఇచ్చిన తాళ్లు, మనవడు దాచిన గొడ్డలి కూడా చుట్టరికం చేసిన సాయమే. మెకాండ్‌లెస్ కూడా చివరి రోజుల్లో, ఆనందం పంచుకునేవాళ్లు ఉంటేనే ఆనందం అన్న అర్థంలో ఒక మాట రాసుకున్నాడు. అక్కడికి రావడానికి అతనికి ప్రాణం ఖర్చయింది.

మన పిల్లలకు ఈ రెండో కథ కూడా చెప్పాను. అమ్మాయిలు ఎక్కువ మాట్లాడారు. కూతురు ఎందుకు ఎదురు చెప్పలేదని తగువు పడ్డారు. ఒక అబ్బాయి మాత్రం, ఈ కథ చెబితే గ్విచిన్‌వాళ్లు చెడ్డవాళ్లని బయటివాళ్లు అనుకోరా అన్నాడు. మంచి ప్రశ్న. పుస్తకం వచ్చినప్పుడు అలాస్కా మూలవాసుల్లోనే కొందరు ఇదే భయంతో అభ్యంతరం చెప్పారు. వెల్మా వాలిస్ వెనక్కి తగ్గలేదు. మనం రాసేవాళ్లం ఈ విషయం ఆలోచించాలి. మన పెద్దలు అన్నీ తెలిసినవాళ్లు, మన గూడెం స్వర్గం అని రాస్తే బయటివాళ్లకు నచ్చుతుంది, మనకూ ఊరటగా ఉంటుంది. కానీ ఈ కథకు బలం ఎక్కడి నుంచి వచ్చిందంటే, తెగ చేసిన తప్పును తెగే చెప్పుకోవడం నుంచి. ఆ తప్పు ముసలమ్మల్ని మంచులో వదలడం ఒక్కటే కాదు. అంతకు ముందే వాళ్లకు తిండి పెడుతున్నారు, ఏమీ అడగడం మానేశారు. వాళ్లకేం తెలుసో ఎవరికీ గుర్తు లేదు, వాళ్లకు కూడా గుర్తు లేదు.

ఇక్కడ మన సంగతికి వద్దాం. మెకాండ్‌లెస్‌ను చూసి నవ్విన పిల్లల్ని నేను ఒకటి అడిగాను. వానాకాలంలో మీ ఊరి పక్క కొండ మీద వారం రోజులు చిక్కుకుంటే ఏం తింటారు? పేర్లు చాలా చెప్పారు. అడవి దుంపల పేర్లు, కూరల పేర్లు. చేదు దుంపను ఎలా తినాలని అడిగితే సగం మంది ఆగిపోయారు. దాన్ని పలచగా కోసి, ఉడకబెట్టి, బుట్టలో కట్టి పారే నీళ్లలో పెట్టి విషం పోగొట్టాలి. ఎన్ని రాత్రులు, ఎన్నిసార్లు, నోటికి ఎలా తగిలితే సరిపోయిందని అర్థం అన్నది పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది. పేరు తెలిసి పద్ధతి తెలియకపోతే ఆ కుర్రాడికీ మనకూ తేడా లేదు. ఇది పిల్లల తప్పు కాదు. అయిదో ఏట నుంచి హాస్టల్లో ఉంటారు. దుంపలు తవ్వే నెలల్లో బడి ఉంటుంది. సెలవుల్లో ఇంటికి వెళితే అమ్మమ్మ భాష సగమే అర్థమవుతుంది. చదువు కావాలి, వద్దని ఎవరూ అనరు. వెల్మా వాలిస్ కూడా పరీక్ష రాసింది, గుడిసెకూ వెళ్లింది. రెండూ కుదురుతాయని ఆవిడ బతుకే చూపించింది.

ఈ పుస్తకాల నుంచి ఉపాధ్యాయులు తీసుకోవలసింది నాకు తోచినంతలో చెబుతాను. ఒకటి, అడవి సాహసాల కథ ఏది చెప్పినా, వీరుడా మూర్ఖుడా అన్న దగ్గర వదిలేయకూడదు. ఆ అడవి ఎవరిది, వాళ్లు ఈ కథలో ఎక్కడ ఉన్నారు, హీరో వాళ్ల దగ్గర ఏం తీసుకున్నాడు అని పిల్లల చేత వెతికించాలి. ఏ సినిమాకైనా, ఏ వీడియోకైనా ఈ మూడు ప్రశ్నలు పనికొస్తాయి. రెండు, సెలవుల్లో పిల్లలకు ఇచ్చే పనిలో మొక్కల పేర్ల జాబితా అడగడం చాలదు. ఒక మొక్క చాలు. అది ఏ నెలలో, ఏ భాగం, ఎలా, ఏది తినకూడదు, ఎవరికి పెట్టకూడదు అని ఇంట్లో పెద్దవాళ్ల పక్కన ఉండి చూసి రమ్మనాలి. తెలియని దుంప రుచి చూడవద్దని కూడా చెప్పి పంపాలి.

మూడోది రాసే మన అందరికీ. ఈ మధ్య మన యువకులు తెగల మొక్కల జ్ఞానం, మందుల జ్ఞానం సేకరించి పుస్తకాలు వేస్తున్నారు. అవసరమైన పని. అయితే అలాస్కా బస్సులో దొరికిన పుస్తకాన్ని మర్చిపోకూడదు. అది మంచి పుస్తకం, శ్రద్ధగా చేసిన పుస్తకం. చివరి రోజు వరకు అతని దగ్గరే ఉంది. అతను అడగవలసిన ఒక్క ప్రశ్నకు అందులో జవాబు లేదు, ఆ ప్రశ్న దెనైనా ఇంట్లో ఎవరికీ రాలేదు కాబట్టి. పుస్తకం మనిషి దగ్గరికి దారి చూపించాలి, మనిషికి బదులు నిలబడకూడదు. మనం వేసే ప్రతి పుస్తకంలో, ఈ సంగతి ఏ ఊళ్లో ఎవరు చెప్పారు, ఇంకా తెలుసుకోవాలంటే ఎవరి ఇంటికి వెళ్లాలి అన్నది, వాళ్లు ఒప్పుకుంటే, రాయాలి. చెప్పినవాళ్లు ఉండగానే వాళ్ల మనవల చేత చదివించి తప్పులు దిద్దించాలి.

'ఇన్‌టు ది వైల్డ్' చదవవద్దని నేను అనను. ఇంగ్లీషు వచ్చినవాళ్లు చదవండి, కుర్రతనంలోని బాధను అంత దగ్గరగా చూసిన పుస్తకాలు తక్కువ. దాని పక్కనే 'టూ ఓల్డ్ విమెన్' కూడా పెట్టుకుని చదవండి. అది చిన్న పుస్తకం, తేలిక ఇంగ్లీషు, ఇంటర్ పిల్లలు చదవగలరు. గోండి, కువి, కోయ, సవర మాట్లాడే ఇళ్లలో దాన్ని సొంత భాషలో చెప్పుకుంటే ఇంకా మంచిది. చెప్పాక మన కొండల మీద ఇలాంటి కథ ఏదైనా ఉందా అని పెద్దవాళ్లను అడగండి. వాళ్లను అలా అడిగి ఎన్నాళ్లయిందో కూడా లెక్క చూసుకోండి.